అమ్మ అమ్మేసిన ఆట

భోగి ముందు ఇల్లు దులపడానికి కొంగు బిగించిన ఇల్లాలికి ఒక రకం పూనకం వస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది. అటక మీద చెయ్యి పడిందంటే ఇక ముందూ వెనకా చూడదు. మూత పోయిన ఫ్లాస్కు, కమ్మీలు విరిగిన గొడుగు, ఎవరో పెళ్ళిలో చదివించిన ప్లాస్టిక్ ట్రే, అన్నీ వరసగా వీధి గుమ్మంలోకి దిగుతాయి. 2001 జనవరిలో నాకూ అలాంటి పూనకమే వచ్చింది.

మావాడు అప్పుడు పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల మార్కులు తగ్గాయని, వాడి వీడియో గేమ్‌ని నేనే ఒక అట్టపెట్టెలో సర్ది అటకెక్కించి ఉన్నాను. ఒక యంత్రం, రెండు జాయ్‌స్టిక్కులు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, పదకొండు కేసెట్లు. కేసెట్లంటే పాటల కేసెట్లు కావు, ఆట కేసెట్లు. యంత్రం నెత్తిన గుచ్చితే టి.వి.లో ఆట వస్తుంది. సరిగ్గా ఆ వేళకే "పాత పేపర్లు, పాత సామాన్లు కొంటాం" అని వీధిలో కేక వినిపించింది. పేపర్లతోపాటు ఆ పెట్టే దింపేశాను. అంతా కలిపి నూట నలభై రూపాయలిచ్చాడు. దానికి ఇంకో పాతిక కలిపి ఒక స్టీలు పోపుల డబ్బా కొనుక్కున్నాను.

సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చి మావాడు అటక వంక చూశాడు.

"అమ్మా, నా పెట్టె ఏదీ?"

"అమ్మేశానురా. పరీక్షలయ్యాక ఇంకోటి కొనుక్కుందువుగానిలే."

వాడు "సరే" అన్నాడు. కాళ్ళు కడుక్కుని వచ్చి అన్నం తిన్నాడు. అంతే. ఆ రోజు ఏడ్చినా, కంచం విసిరికొట్టినా నాకు తేలిగ్గా ఉండేదేమో. పరీక్షలు బాగా రాశాడు, పైచదువులు చదివాడు, బెంగుళూరులో ఉద్యోగం, పెళ్ళి, ఒక పిల్లవాడు. ఆ పెట్టె మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ మరిచిపోయాను. పోపుల డబ్బా మాత్రం రోజుకి నాలుగుసార్లు తెరుస్తూనే ఉన్నాను.

2022 దసరాకి వాళ్ళు వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ళ మా మనవడు వాళ్ళ నాన్నని అడిగాడు. "నాన్నా, నీ చిన్నప్పటి గేమ్స్ చూపించవూ?"

మావాడు నవ్వేశాడు. "అవా? అమ్మ అమ్మేసింది."

కోపం లేదు, నిష్ఠూరం లేదు. అయినా ఆ నవ్వు నన్ను పొడిచింది. ఆ రాత్రి వంటింట్లో కోడలు మెల్లిగా అంది. "అత్తయ్యా, మామయ్యగారితో తను ఆడుకున్నది ఆ బాతుల ఆట ఒక్కటేనటండీ. ఎప్పుడైనా ఆయన మాట వస్తే అదే చెప్తారు."

మావారు 2016లో పోయారు. బ్యాంకు మనిషి. ఇంట్లో మాట తక్కువ, లెక్క ఎక్కువ. కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పడం ఆయనకు చేతకాదు. కానీ 1994 దీపావళికి ఆ వీడియో గేమ్ కొనుక్కొచ్చింది మాత్రం ఆయనే. సాయంత్రం బ్యాంకు నుంచి రాగానే చొక్కా అయినా విప్పకుండా ఆ ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుని టి.వి. ముందు కూర్చునేవారు. బాతు తప్పించుకుంటే తెరమీద గడ్డిలోంచి ఒక కుక్క లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇకిలించేది. "ఆ కుక్కని కాల్చే వీలు లేదేమిట్రా?" అని ఆయన పళ్ళు కొరికేవారు. మా ఇంట్లో తండ్రీకొడుకులు కలిసి నవ్విన నవ్వులన్నీ ఆ కుక్క పుణ్యమే. నేను అమ్మింది లెక్కల మార్కులు తగ్గించిన యంత్రాన్ని అనుకున్నాను. ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత తెలిసింది, అమ్మింది ఏమిటో.

సరే, అమ్మింది నేనే కాబట్టి తిరిగి కూర్చవలసిందీ నేనే అనుకున్నాను. అరవై దాటినదానికి ఇదేం వెర్రి అనకండి. ఆ వెర్రిలో నేను ఒక చరిత్ర అంతా చదివేశాను.

ముందు అసలు ఏం పోయిందో తెలియాలి కదా. ఇక్కడ మావారి లెక్కల పిచ్చి అక్కరకొచ్చింది. 1995 నాటి ఆయన బ్యాంకు డైరీ ఒకటి బీరువాలో ఉంది. చిట్టీల లెక్కలూ, చుట్టాల అడ్రసులూ ఉన్నాయని దాన్ని మాత్రం నేను పారెయ్యలేదు. అందులో ఒక పేజీలో క్రమ సంఖ్య, పేరు, కొన్న తేదీ, వెల అని గళ్ళు గీసి పదకొండు కేసెట్లూ రాసి ఉన్నాయి. ప్రతి కేసెట్ మీదా కూడా ఆ నంబరు సిరాతో వేసేవారు, బ్యాంకు తాళాలకు వేసినట్టు. చిక్కేమిటంటే, పేర్లు ఆయన సొంతంగా పెట్టుకున్నవి. 1. మీసాలాయన. 2. ఇద్దరు సిపాయిలు. 3. సర్కస్. 4. బాతుల వేట. 5. ఇటుకల పేర్పు. 6. నోరు తెరిచే లడ్డు. ఇలా. 8 దగ్గర 'పిల్లవాడు' అని ఒక్క మాటే. 11 దగ్గర '9999 ఆటలు' అని రాసి, పక్కన ఎర్ర సిరాతో 'అసలు 6 మాత్రమే' అని ఆడిట్ చేసి పెట్టారు. ఆ రోజుల్లో కేసెట్ల మీద వేలల్లో అంకెలు వేసి, నాలుగైదు ఆటల్నే తిప్పి తిప్పి చూపించేవారు లెండి. చివరి పేజీల్లో బాతుల వేటలో వచ్చిన పాయింట్లు తారీఖులతో సహా ఉన్నాయి. కొన్ని అంకెల పక్కన 'సా.' అని ఉంది. సాయంత్రం కాబోలు అనుకున్నాను.

ఈ పట్టిక పట్టుకుని మా మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను. వాడు శాసనం చదివినట్టు ఒక్కొక్కటీ విప్పాడు. మీసాలాయన మారియో. ఇద్దరు సిపాయిలు కాంట్రా. సర్కస్ అంటే సర్కస్ చార్లీ. ఇటుకల పేర్పు టెట్రిస్, అది 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన పుట్టించిన ఆట. నోరు తెరిచే లడ్డు ప్యాక్‌మాన్. 'పిల్లవాడు' ఎవరో మాత్రం వాడికీ అంతుపట్టలేదు.

ప్యాక్‌మాన్ సంగతి మీకు చెప్పితీరాలి. 1980లో జపానులో దాన్ని తయారుచేసిన తోరు ఇవతాని అనే ఆయన, అప్పటి ఆటలన్నీ కాల్చడం, పేల్చడంతో నిండి మగపిల్లలకే పరిమితమయ్యాయని గమనించాడట. ఆడవాళ్ళు కూడా ఆడాలంటే ఏం పెట్టాలా అని ఆలోచించి తిండి పెట్టాడు! నోరు తెరుచుకుని చుక్కలన్నీ మింగేసే ఆ గుండ్రటి బొమ్మ అలా పుట్టింది. ఆడవాళ్ళంటే తిండేనా అని కోప్పడాలో, పోనీలే మనల్ని తలుచుకున్నాడని సంతోషించాలో మీరే తేల్చుకోండి.

మన పాత్ర తినడంతోనే ఆగలేదు లెండి. అదే 1980లో అమెరికాలో రాబర్టా విలియమ్స్ అనే ఇల్లాలు, ఇద్దరు పిల్లల తల్లి, తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక హత్య కథని ఆటగా అల్లింది. బొమ్మలు ఆవిడ గీసింది, కంప్యూటరు పని భర్త చేశాడు. 'మిస్టరీ హౌస్' అని పేరు పెట్టి, మనం కొత్తిమీర దాచుకునే లాంటి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అమ్మారు. బొమ్మలతో కథ నడిచే ఆటలకు అదే నాంది. 1982లో కరోల్ షా అనే ఆవిడ నది మీద విమానం నడిపే 'రివర్ రెయిడ్' అనే ఆట ఒంటిచేత్తో రాసింది. ఆవిడ తన కేసెట్లూ, ఆట రాసుకున్న కాగితాలూ అన్నీ ఇంట్లో జాగ్రత్త చేసుకుని 2017లో ఒక మ్యూజియంకి ఇచ్చింది. ముప్ఫై అయిదేళ్ళు దాచింది! నేను ఏడేళ్ళు కూడా దాచలేకపోయాను.

అసలు ఈ ఆటల ఆదిపురుషుడిదీ దాచుకునే బుద్ధే. రాల్ఫ్ బేర్ అని, జర్మనీలో పుట్టిన యూదుల పిల్లవాడు. 1938లో హిట్లర్ బారినుంచి తప్పించుకుని కుటుంబంతో అమెరికా చేరాడు. 1966లో న్యూయార్కులో ఒక బస్ స్టేషన్లో తోటి ఉద్యోగి కోసం ఎదురుచూస్తూ ఉండగా, 'ఇంటింటా టి.వి. ఉంది కదా, ఊరికే చూడకుండా దానితో ఆడుకుంటే ఎలా ఉంటుంది?' అని ఆయనకు తోచింది. దాని ఫలితంగా 1972లో 'ఒడిస్సీ' అనే మొట్టమొదటి ఇంటి వీడియో గేమ్ బజారుకొచ్చింది. దానికీ ఒక తుపాకీ ఉండేది సుమండీ, విడిగా కొనుక్కోవాలి. ఆయన తన నోట్సులు, మొదటి నమూనా యంత్రాలు భద్రంగా ఉంచి 2006లో స్మిత్సోనియన్ మ్యూజియంకి ఇచ్చాడు. ముసలితనంలో తన తొలి యంత్రాలకు నకళ్ళు మళ్ళీ తన చేతులతోనే తయారుచేశాడు. ఆ మాట చదివాక నా వెర్రికి కాస్త గౌరవం వచ్చింది.

ఇక మా ఇంట్లో ఉన్న యంత్రం వంశం వేరు. దాని మూలపురుషుడు జపానులోని క్యోటో ఊళ్ళో ఉన్న నింటెండో కంపెనీ. 1889లో పుట్టినప్పుడు ఆ కంపెనీ చేసింది పేకముక్కలు! పూల బొమ్మలున్న చిన్న చిన్న ముక్కలు. పేకాటతో మొదలై ఎన్నో వేషాలు వేసింది. 1973లో జపానులో వెలవెలబోతున్న బౌలింగ్ ఆట హాళ్ళని తీసుకుని, వెలుగుతో గురిచూసి కాల్చే తుపాకీ ఆటశాలలుగా మార్చింది. అంతలో చమురు సంక్షోభం వచ్చి ఆ సరదా చల్లారింది. పదేళ్ళకు, 1983 జూలైలో, 'ఫామికామ్' అనే ఇంటి యంత్రం తీసుకొచ్చింది. 'ఫ్యామిలీ కంప్యూటర్' అన్న మాటకి అది ముద్దుపేరు. ఆ మరుసటేడు బాతుల వేట, 1985లో మీసాలాయన. ప్రపంచమంతటా ఆ యంత్రాలు 6 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. మనకి 90లలో వచ్చినవి చాలావరకు వాటికి తైవాన్ నుంచీ, చైనా నుంచీ వచ్చిన నకళ్ళు. మావారు కోఠీలో బేరమాడి తెచ్చిందీ అలాంటి నకలే. నకలైతేనేం, కుక్క అసలు దానిలాగే ఇకిలించేది.

మరి ఇన్ని కోట్లు ఉన్నాయి కదా, తేలిగ్గా దొరుకుతాయి అనుకున్నాను. ఎర్రగడ్డ ఆదివారం సంతకి మేనల్లుడి బండి వెనక కూర్చుని వెళ్ళాను. తుప్పు పట్టిన స్పానర్లు, జత లేని చెప్పులు, పగిలిన ఫోన్లు, వాటి మధ్య ఒక గోనెసంచి మీద అయిదారు ఆట కేసెట్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకదాని మీద బాల్‌పెన్నుతో '6వ తరగతి బి సెక్షన్' అని ఉంది. పేరున్న చోట చెరిగిపోయింది. దాన్ని పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ఎక్కడో ఇంకో తల్లి, ఇంకో భోగి, ఇంకో పూనకం. మా నంబర్లు వేసిన కేసెట్లు కూడా ఇలాగే ఎవరి గోనెసంచి మీదో పడుండి, ఎవరి ఇంటికో చేరి ఉంటాయి.

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు నా బాధ చూడలేక ఒక అమెరికా కేసెట్ పంపించింది. తీరా చూస్తే అది మన యంత్రంలో దూరదు! జపాను కేసెట్‌కి అడుగున 60 పళ్ళు ఉంటే, అమెరికా కేసెట్‌కి 72. ఆకారం కూడా పెద్దది. ఒకే కంపెనీ, ఒకే ఆట, అయినా అత్తింటి తాళం పుట్టింటి తలుపుకి పట్టనట్టు. దొరికిన కేసెట్లు మొరాయిస్తే మావాడు చిన్నప్పుడు చేసినట్టు ఉఫ్ ఉఫ్ అని ఊదాను. మేనల్లుడు లబలబలాడాడు. "అత్తయ్యా, ఊదకూడదు! నోటి తడికి ఆ పళ్ళు చిలుము పడతాయి. కంపెనీవాళ్ళే వద్దన్నారు." దూది పుల్లని స్పిరిట్‌లో ముంచి, వెండి కుంకుమభరిణె తుడిచినట్టు మెల్లిగా తుడవాలట. ఆ పని నాకు వచ్చు. ఒక్కొక్కటీ మురికి వదులుతుంటే, తెర మీద బొమ్మ పడుతుంటే, తులసికోట ముందు దీపం పెట్టినంత తృప్తి.

ఈ తిరుగుళ్ళ మధ్యలోనే, 2023 జూలైలో, మేనల్లుడు ఒక వార్త చదివి వినిపించాడు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత ఆటల్లో నూటికి 87 ఇప్పుడు అంగట్లో కొందామంటే దొరకవని, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ లెక్క తేల్చిందట. నూటికి ఎనభై ఏడు! అంటే కంపెనీలు వాటిని అమ్మడం ఎప్పుడో మానేశాయి. అవి ఇంకా ఆడుతున్నాయంటే ఎవరో ఇంట్లో దాచబట్టే. ఏ అటక మీదో, ఏ మంచం కిందో. 2021లో మీసాలాయన ఆట ఒకటి, సీలు విప్పనిది, వేలంలో 6,60,000 డాలర్లు పలికింది. దాని కథేమిటంటే, 1986లో క్రిస్మస్ కానుకగా కొని ఎవరో డెస్కు సొరుగులో పెట్టి మరిచిపోయారు. ముప్ఫై అయిదేళ్ళు అలాగే ఉంది. ఆ ఇంట్లో నాలాంటి ఇల్లాలు లేదు కాబోలు. ఆ అంకె విన్న రోజున నా నూట అరవై అయిదు రూపాయల పోపుల డబ్బా వంక చాలాసేపు చూశాను.

కంపెనీలు ఎలా పారేస్తాయో కూడా వినండి. 1982లో అటారీ అనే అమెరికా కంపెనీ, ఆ ఏడే వచ్చిన 'ఇ.టి.' సినిమా పేరు మీద ఒక ఆట చేయించింది. క్రిస్మస్‌కి అందాలని, దాన్ని రాసే మనిషికి అయిదు వారాలే గడువిచ్చారు. అయిదు వారాల్లో మనం ఒక పెళ్ళి పనులే చేసుకోలేం! 40 లక్షల దాకా కేసెట్లు తయారుచేస్తే సగం కూడా చెల్లలేదు. మరుసటేడు అమెరికాలో ఆ వ్యాపారమే కుప్పకూలింది. 1983 సెప్టెంబరులో మిగిలిన సరుకులో కొంత లారీల్లో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమోగోర్డో అనే ఊరికి తోలి, చెత్త గొయ్యిలో పూడ్చేశారు. పిల్లలు ఏరుకుపోతున్నారని పైన సిమెంటు కూడా పోశారు. చాలామంది అది కట్టుకథే అనుకునేవారు. 2014 ఏప్రిల్ 26న తవ్వి చూస్తే నిజంగానే కేసెట్లు బయటపడ్డాయి. తీసినవి 1300 దాకా. కొన్ని మ్యూజియంలకు వెళ్ళాయి. మిగిలినవాటిలో చాలావాటిని వేలం వేస్తే లక్ష డాలర్లకు పైగా వచ్చింది. చెత్త గొయ్యిలోంచి తీసిన నలిగిన అట్టపెట్టెలు! ముప్ఫై ఏళ్ళ క్రితం ఊరికే ఇస్తామన్నా తీసుకోనివి!

అది విని ముందు నవ్వుకున్నాను. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చి నవ్వాగిపోయింది. మా అటక మీద మా నానమ్మగారి వామనగుంటల పీట ఒకటి ఉంది. చేప ఆకారంలో మడత పెట్టేది, చింతపిక్కలతో సహా. ఎన్ని భోగులు వచ్చినా దాన్ని నేను కదపలేదు. అది 'పాతకాలపు వస్తువు' మరి! నేను ఆడిన ఆట వారసత్వం, నా కొడుకు ఆడిన ఆట చెత్త. ఈ తేడా ఎవరు పెట్టారు? నేనే పెట్టాను. మార్గరెట్ ఉడ్‌బరీ స్ట్రాంగ్ అని అమెరికాలో ఒకావిడ ఉండేది. జీవితమంతా బొమ్మలు, ఆటవస్తువులు వేలకొద్దీ పోగుచేసి 1969లో పోయింది. ఆవిడ ఆస్తితో రోచెస్టర్ ఊళ్ళో 1982లో మ్యూజియం తెరిచారు. మన కరోల్ షా తన కాగితాలిచ్చింది ఆ మ్యూజియంకే. చిన్నపిల్లల బొమ్మలు పెట్టిన కొంపలోనే వీడియో గేములకూ చోటు దొరికింది. ఆవిడ ఏ బొమ్మకి ఎంత విలువ అని చూడలేదు, ఆడుకున్నవన్నీ దాచింది.

2023 దసరా నాటికి పదకొండులో తొమ్మిది కూడాయి. బాతుల కేసెట్టూ దొరికింది, కోఠీలో ఒక పాత సామాన్ల కొట్లో తుపాకీ కూడా దొరికింది. ఇక పండగే అనుకుని మా పలచటి కొత్త టి.వి.కి తగిలించి కాల్చాను. ఒక్క బాతూ పడలేదు. కుక్క తెగ నవ్వింది. నా గురి తప్పేమోనని టి.వి.కి తుపాకీ ఆనించి కాల్చాను. అయినా లాభం లేదు.

మెకానిక్ విప్పి చూసి అసలు కిటుకు చెప్పాడు. ఆ తుపాకీలోంచి బయటికేమీ రాదట! దాని గొట్టంలో వెలుగుని పసిగట్టే కన్ను ఉంటుంది. మీట నొక్కగానే తెర ఒక్క రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీ కన్ను ఆ మెరుపుని పట్టుకుంటే బాతు పడినట్టు. వెనక పెద్ద బొజ్జ ఉండే పిక్చర్ ట్యూబు టి.వి.లో ఆ మెరుపు సరిగ్గా ఆ క్షణానికి వస్తుంది. కొత్త టి.వి.లు బొమ్మని సర్దుకుని చూపించేసరికి రవంత ఆలస్యం. తుపాకీ చూసే వేళకి అక్కడ ఏమీ ఉండదు.

"అంటే పాత టి.వి. కావాలా బాబూ?"

"అవునమ్మా. దాన్నేమో ఇప్పుడు ఎవరూ అడగట్లేదు."

మా ఇ.సి. టి.వి. కూడా 2009లో ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేశాను. అదీ నా ఘనకార్యమే. ఆఖరికి ఆ మెకానిక్కే తన కొట్టు మూల గుడ్డ కప్పి ఉంచిన ఒక టి.వి. దుమ్ము దులిపి అయిదు వందలకి ఇచ్చాడు. దాన్ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చి హాల్లో పెడుతుంటే, పక్కింటావిడ తొంగిచూసి "ఏమండీ, అందరూ ఇలాంటివి పారేస్తుంటే మీరు కొంటున్నారా?" అంది. "అవునండీ, పారేసిన పాపం పోగొట్టుకుంటున్నా"నన్నాను.

2024 సంక్రాంతికి వాళ్ళు వచ్చారు. మావాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. హాల్లో బొజ్జ టి.వి., కింద యంత్రం, వరసగా తొమ్మిది కేసెట్లు. చాలాసేపు ఏమీ అనలేదు. నాకు గుండె దడ. ఆ 2001 నాటి "సరే" మళ్ళీ అంటాడేమోనని.

"అమ్మా, ఇవి మనవి కావు కదా?" అన్నాడు.

"కావురా. మనవి దొరకలేదు. క్షమించు. నిన్నొక్క మాట అడగవలసింది."

వాడు తలూపి, వచ్చి నేల మీద కూర్చున్నాడు. తుపాకీ తను తీసుకోలేదు. కొడుకు చేతికిచ్చి, తను జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. అదేమిట్రా, బాతుల ఆటకి జాయ్‌స్టిక్ ఎందుకన్నాను. వాడు నవ్వి చూపించాడు. ఒక్క బాతు ఎగిరే ఆటలో, రెండో మనిషి జాయ్‌స్టిక్‌తో ఆ బాతుని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చునట! ఆట చేసినవాళ్ళు పెట్టిన ఏర్పాటే అది.

"నాన్న గురి ఎప్పుడూ కుడివైపుకి పోయేదమ్మా. రెండుమూడు తప్పితే విసుగొచ్చి లేచిపోయేవారు. అందుకని బాతుని నేనే ఆయన తుపాకీ ముందుకి తెచ్చేవాణ్ణి. ఇంకాసేపు కూర్చుంటారని."

తొమ్మిదేళ్ళవాడు. నేను వంటింట్లోంచి ఏం చూశాను? పిల్లవాడు చదువు మానేసి ఆడుతున్నాడని చూశాను.

డైరీ తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాను. పట్టిక చూసి 'పిల్లవాడు' ఎవరో ఇట్టే చెప్పేశాడు, అడ్వెంచర్ ఐలండ్ అట. పాయింట్ల పేజీలు తిప్పుతూ "ఇవన్నీ దొంగ లెక్కలే అమ్మా, సగం నావే" అని నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఆగాడు.

"ఈ 'సా.' ఏమిటమ్మా?"

"సాయంత్రం అనుకున్నారా."

"నాన్న ఎప్పుడూ సాయంత్రమే కదా ఆడేవారు? మరి కొన్నింటికే ఎందుకు రాశారు? అన్నీ ఎక్కువ పాయింట్లు వచ్చినవే చూడు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సాయంత్రమా? సాయమా? లెక్కల మనిషి, ఎవరి ఖాతాలో పడవలసింది వారి ఖాతాలో వేసే మనిషి. చెప్పడానికి ఆయన లేరు. నేను ఆ పెట్టె అమ్మకుండా ఉంటే, ఆయన ఉన్న రోజుల్లోనే ఏ సంక్రాంతికో వీళ్ళిద్దరూ మళ్ళీ కూర్చుని ఆడుకుని ఉంటే, తేలిపోయేదేమో. వస్తువులు తిరిగి కొనగలిగాను గాని, ఆ సాయంత్రాన్ని ఏ సంతలోనూ పట్టుకోలేకపోయాను.

మావాడు పెన్ను తీసుకుని కొత్త బాతుల కేసెట్ మీద '4' అని వేశాడు. మిగతావాటికి మనవడు వేశాడు. 8కీ, ఇంకా దొరకని 10కీ వరసలో ఖాళీ వదిలిపెట్టారు. వచ్చే ఆదివారం ఎర్రగడ్డకి తనూ వస్తానని మనవడు నా దగ్గర మాట తీసుకున్నాడు.

మళ్ళీ భోగి వస్తూనే ఉంటుంది. మీరూ అటకెక్కుతారు. చరిత్ర అంటే రాజులు కోటల్లో దాచింది అనుకుంటాం. ఇంట్లో చరిత్ర ఉండాలో పోవాలో నిర్ణయించేది, అటక మీద చెయ్యి పెట్టే మనమే. అన్నీ దాచమని చెప్పను, ఇల్లు పట్టద్దూ! కానీ వీధిలో కేక వినగానే పెట్టె దింపేముందు, అది ఎవరిదో వాళ్ళని ఒక్క మాట అడగండి. అడిగితే పోయేదేమీ లేదు. అడగకపోతే ఏం పోతుందో, నాకు ఇరవయ్యొక్కేళ్ళు పట్టింది తెలియడానికి.